కరెంటు కారు చార్జింగ్‌లో పక్క గన్‌కి ఇంకో కారు తగిలిస్తే మన స్పీడు సగం, వాళ్ళు పోయినా తిరిగి రాదు. ఎందుకు?

రేణిగుంట_రోడ్డు
రేణిగుంట రోడ్డులో 60 కిలోవాట్ల డీసీ మిషన్ (ఫాస్ట్ చార్జర్) ఒకటుంది, రెండు గన్‌లు, అంటే కారుకు తగిలించే ప్లగ్గులు. ఒక్క కారే ఉంటే 50, 51 దాకా వస్తోంది. పక్క గన్‌కి ఇంకో కారు తగిలించిన అర నిమిషంలో 25కి పడిపోతోంది. పంచుకోవడం అనే అనుకుందాం. 60లో సగం 30 కదా, మరి 25 ఏమిటి? అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. పక్క కారు వెళ్ళిపోయాక కూడా 25 దగ్గరే కూర్చుంటోంది. 20 శాతం నుంచి 80కి అర గంటలో అయ్యే పని గంట దాటుతోంది. యాప్‌లో కంప్లయింట్ పెడితే "మీ కారే తక్కువ తీసుకుంటోంది" అని జవాబు. కారు 45 యూనిట్ల ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీ. తేడా ఎక్కడ?

ట్యాక్సీ_తమ్ముడు
ఆ జవాబు రెడీమేడ్ అన్నా. బండి ఏదైనా అదే మెసేజ్.

లైన్‌మన్_కొడుకు
సాయంత్రం పూట అయ్యుంటాది. ఆ పక్క ఫీడర్ల మీద లోడ్ చానా ఉంటాది, వోల్టేజి పడిపోతాది. మిషన్ మాత్రం ఏం జేస్తాది పాపం.

మాడ్యూల్_మాస్టారు
వోల్టేజి సమస్యయితే లెక్క పెట్టినట్టు సరిగ్గా సగానికి పడదు. రేణిగుంట_రోడ్డు గారూ, స్క్రీన్ మీద కిలోవాట్ల పక్కన వోల్టులు, ఆంపియర్లు విడిగా చూపిస్తుంది. ఒక్కరే ఉన్నప్పుడు ఎంత, పక్కన కారున్నప్పుడు ఎంత, అది పోయాక ఎంత? ఈ మూడూ పెట్టండి. కిలోవాట్లు ఒక్కటే చూస్తే జబ్బు తెలియదు.

రేణిగుంట_రోడ్డు
ఫోన్‌లో ఫొటోలున్నాయి.
ఒక్క కారే ఉన్నప్పుడు: 338 వోల్టులు, 150 ఆంపియర్లు, 50.7.
పక్కన కారు ఉన్నప్పుడు: 341, 75, 25.6.
అది పోయిన పది నిమిషాలకు: 344, 75, 25.8.

మాడ్యూల్_మాస్టారు
ఇక అనుమానం లేదు. 150, 75 అనే అంకెలు చూడండి, కదలకుండా ఉన్నాయి. వోల్టులు 338 నుంచి 344కి పెరిగినా ఆంపియర్లు 75 మీదే ఆగిపోయాయి. మీ కారే తక్కువ అడుగుతుంటే ఆ అంకె అటూ ఇటూ ఊగుతుంది, ఇలా గుండు అంకె మీద నిలబడదు. ఇది మిషన్ పెట్టిన హద్దు.

లోపల ఏముందంటే, 60 కిలోవాట్ల పెట్టెలో 60 కిలోవాట్ల యంత్రం ఒక్కటే ఉండదు. 30 కిలోవాట్ల మాడ్యూళ్ళు, అంటే లైన్ కరెంటును డీసీగా మార్చే డబ్బాలు, రెండుంటాయి (కొన్నింటిలో 20వి మూడు, పాత వాటిలో 15వి నాలుగు). మీరు చెప్పిన దాంట్లో ఒక్కో మాడ్యూల్ గరిష్ఠంగా 75 ఆంపియర్లిచ్చే రకం. 30 వేల వాట్లను 75తో భాగిస్తే 400. అంటే బ్యాటరీ 400 వోల్టులో, ఆ పైనో ఉంటేనే ఆ మాడ్యూల్ తన 30 మొత్తం ఇవ్వగలదు. మీ బ్యాటరీ 340 వోల్టులు. 340ని 75తో గుణిస్తే 25.5. రెండు మాడ్యూళ్ళూ మీకే వస్తే 51. మీకు మొదటి నుంచీ 60 రాలేదు, గమనించారా? పంచుకోకపోయినా ఈ మిషన్ మీ కారుకు 51 మిషనే.

అదే మిషన్‌కి ఐయోనిక్ 5 లాంటి 650 వోల్టుల బ్యాటరీ ఉన్న కారు తగిలించండి, 92 ఆంపియర్లకే 60 నిండుతుంది. పెట్టె మీద అంకె అబద్ధం కాదు. అయితే అది అందరికీ నిజం కాదు.

కొత్త మాడ్యూళ్ళు 300 వోల్టుల దగ్గరే 100 ఆంపియర్లిస్తాయి. అవి వేసిన చోట మీ కారుకు పంచుకున్నా 88 ఆంపియర్లు, 30 కిలోవాట్లు వస్తాయి.

ట్యాక్సీ_తమ్ముడు
ఇన్నాళ్ళూ 60 అని చదివి 60 అనుకున్నా. పెళ్ళి కార్డు మీద ముహూర్తం లాగన్నమాట, రాసింది ఒకటి, తాళి కట్టేది ఒకటి.

అలిపిరి_ఆంపియర్
25 సంగతి తేలింది. పక్కోడు పోయినా ఎందుకు తిరిగి రాదు? మాస్టారు అది వదిలేశారు.

మాడ్యూల్_మాస్టారు
వస్తున్నా, టైపు చేస్తున్నా.

రెండు గన్‌లకూ 'ఏ', 'బీ' అని పేర్లు పెట్టుకుందాం. మొదటి మాడ్యూల్ 'ఏ' గన్‌కి, రెండోది 'బీ' గన్‌కి. ఈ రెంటి మధ్య ఒక కాంటాక్టర్, అంటే పెద్ద స్విచ్చు. మీరొక్కరే ఉంటే అది మూసుకుని రెండు మాడ్యూళ్ళూ మీ గన్‌కే పోస్తాయి. రెండో కారు వచ్చిందనుకోండి, రెండో మాడ్యూల్ తన కరెంటును సున్నాకి దించుకుంటుంది, కాంటాక్టర్ తెరుచుకుంటుంది, ఆ మాడ్యూల్ బీ గన్‌కి వెళ్తుంది. విడదీయడం సులువు.

కలపడమే కష్టం. మీ వైపు 344 వోల్టులు నడుస్తున్నాయి. బీ వైపు కారు పోయింది కాబట్టి సున్నా. ఈ రెంటి మధ్య స్విచ్చు టపీమని మూస్తే కాంటాక్టర్ మొనల దగ్గర నిప్పు లేచి అవి అతుక్కుపోతాయి. అతుక్కుంటే ఇక తెరుచుకోదు. తర్వాత బీ గన్ తగిలించిన వాడి బ్యాటరీ, మీ బ్యాటరీ నేరుగా కలిసిపోయే ప్రమాదం. అందుకని రెండో మాడ్యూల్‌ని ముందు 344 దాకా లేపి, తేడా కొద్ది వోల్టులకు తగ్గాక స్విచ్చు మూసి, అది నిజంగా మూసుకుందో లేదో చూసి, అప్పుడు మెల్లగా కరెంటు పెంచాలి. ఇదంతా కారు చార్జింగ్‌ని మధ్యలో తెంపేయకుండా జరగాలి. ఈ సాఫ్ట్‌వేర్ సరిగ్గా రాయడం చేతకాని వాళ్ళూ, రాసినా ఆన్ చేయని వాళ్ళూ పంపకాన్ని చార్జింగ్ మొదలయ్యేటప్పుడు ఒక్కసారే నిర్ణయిస్తారు. మధ్యలో ఇంకో కారు వస్తే తగ్గించడమే తప్ప, పెంచడం మాత్రం ఉండదు.

కారు వైపు అడ్డేమీ లేదు. సీసీఎస్2లో (మన కార్ల డీసీ ప్లగ్గు పద్ధతి) చార్జింగ్ జరుగుతున్నంత సేపూ మిషన్ "ఇప్పుడు ఇంత వరకు ఇవ్వగలను" అని చెప్తూనే ఉంటుంది, కారు "నాకు ఇంత కావాలి" అని అడుగుతూనే ఉంటుంది. మిషన్ హద్దు పెంచితే కారు వెంటనే ఎక్కువ అడుగుతుంది.

రేణిగుంట_రోడ్డు
ఇప్పుడర్థమైంది. అయితే నేను చేయగలిగింది?

అలిపిరి_ఆంపియర్
ఆపి మళ్ళీ పెట్టడమే. అయితే వరస తప్పకూడదు:

పక్క కారు పోయాక రెండు మూడు నిమిషాలు ఆగి చూడండి, కొన్ని మిషన్లు ఆలస్యంగానైనా పెంచుతాయి. ఆంపియర్లు కదలకపోతే యాప్‌లో స్టాప్ నొక్కండి. స్క్రీన్ మీద కరెంటు సున్నాకి దిగాలి, కారు దగ్గర లాక్ టక్కుమని వదలాలి. అప్పుడు గన్ తీసి, తెర మళ్ళీ మొదటి పేజీకి వచ్చేదాకా ఆగి, అదే గన్ పెట్టండి. మొదట ఇన్సులేషన్ పరీక్ష (కరెంటు ఎక్కడా లీకవడం లేదని చూడడం) జరుగుతుంది, ఆ అర నిమిషం, నిమిషం స్క్రీన్ మీద 0 కిలోవాట్లే కనిపిస్తుంది. కంగారుపడి గన్ లాగొద్దు.

ఎర్ర ఎమర్జెన్సీ బటన్ మాత్రం ముట్టుకోవద్దు. అది రెండు గన్‌లనూ కోసేస్తుంది, నిండు కరెంటు మీద కాంటాక్టర్లు తెరుచుకుంటాయి. పైగా ఎవరో వచ్చి తిప్పి రీసెట్ చేసేదాకా మిషన్ లేవదు.

చిత్తూరు_చిన్నోడు
ఇంకో సంగతి జెప్పాల. ఆపి మళ్ళీ పెట్టేలోగా లైన్‌లో ఉండేటోడు పక్క గన్ తగిలించినాడంటే మళ్ళా 25 మీదికే వస్తావు. వెనక ఎవురైనా కాసుకోని ఉండారేమో చూసుకోని ఆపు.

ట్యాక్సీ_తమ్ముడు
కొన్ని యాప్‌లలో కొత్తగా మొదలుపెట్టాలంటే వాలెట్‌లో కనీసం ఇంత ఉండాలని అడుగుతుంది. పాత సెషన్‌కి పట్టి ఉంచిన డబ్బు వెంటనే తిరిగి రాదు. ఆపేముందు బ్యాలెన్స్ చూసుకోండి, లేకపోతే గన్ చేతిలో పట్టుకుని రీచార్జ్ చేయాలి.

పలమనేరు_మీదుగా
బెంగళూరు నుంచి వచ్చే వాళ్ళకు శని, ఆదివారాల్లో ఇదే గోల. ఇంకో రకం కూడా ఉంది. పక్క కారు 95 శాతం దగ్గర ఉంటుంది, 9 కిలోవాట్లు కూడా తీసుకోదు. అయినా మనకు సగమే. మిగతా 20 ఎటు పోతున్నట్టు?

మాడ్యూల్_మాస్టారు
ఎటూ పోవు, ఖాళీగా కూర్చుంటాయి. పంపకం బిందెల లెక్క, చెంబుతో కొలిచి పోసేది కాదు. 30 కిలోవాట్ల బిందె ఒకటి అతని దగ్గర పెట్టాక అతను చెంబుడు తాగినా, బిందెడు తాగినా మీకు దాంట్లోంచి చుక్క రాదు. రెండు కార్లకూ తలా ఒక బిందె. 20వి మూడున్న మిషన్‌లో అయితే 40, 20గా పంచే వీలుంటుంది. 120 కిలోవాట్ల వాటిలో 30వి నాలుగుంటాయి, 60-60 కావచ్చు, 90-30 కూడా కావచ్చు. బిందె చిన్నదైతే వృథా తక్కువ. కానీ కాంటాక్టర్లు ఎక్కువ కావాలి, ధర పెరుగుతుంది.

పలమనేరు_మీదుగా
అంటే 95 దగ్గర కూర్చున్నవాడే అసలు దొంగ.

కాణిపాకం_కారు
ఎందుకు దొంగ? ఎల్‌ఎఫ్‌పీ బ్యాటరీకి అప్పుడప్పుడు 100 దాకా పెట్టమని కంపెనీయే మాన్యువల్లో రాస్తుంది. లేకపోతే శాతం లెక్క తప్పుతుంది. 30 చూపిస్తూ ఉండగానే బండి కూలబడితే ఎవరిది బాధ్యత?

అలిపిరి_ఆంపియర్
100 పెట్టొద్దని ఎవరూ అనలేదు. ఇంట్లో 15 ఆంప్ సాకెట్ మీద రాత్రి పెట్టుకో. సెల్‌లు సమానం కావడానికి నెమ్మదిగా ఎక్కడమే మేలు. డీసీ మిషన్ మీద 80 నుంచి 100కి పట్టే టైములో ఇంకో కారు 20 నుంచి 60కి పోతుంది.

ట్యాక్సీ_తమ్ముడు
95 వాడైనా కారులో ఉంటాడు. గన్ తగిలించి కొండెక్కి సర్వదర్శనానికి పోయినోళ్ళ సంగతేంది? వైకుంఠం కంపార్టుమెంట్‌లోంచి వచ్చి గన్ తీస్తాడా?

చిత్తూరు_చిన్నోడు
వచ్చినాక లడ్డు ఇచ్చి సారీ చెప్తాడు. లడ్డు చేతిలో పెట్టినోణ్ణి ఎట్లా తిట్టేది 😀

కాణిపాకం_కారు
నిండిన తర్వాత కూడా గన్ తీయకపోతే ఐడిల్ ఫీజు వేసే స్టేషన్లున్నాయి. నిమిషానికి ఇంత అని. అది పెడితే దర్శనం టికెట్ కంటే ఎక్కువ పడుతుంది, దారిలోకి వస్తారు.

మాడ్యూల్_మాస్టారు
నిండిన కారు గన్‌కి వేలాడుతుంటే చాలా మిషన్లలో మాడ్యూల్ విడుదలవుతుంది, సెషన్ ముగిసింది కదా. ఆ గన్ ఎవరికీ దొరకదు, అంతే. ఐడిల్ ఫీజు దానికి మందు. 95 వాడికి మాత్రం పనిచేయదు, అతని చార్జింగ్ ఇంకా నడుస్తోంది కాబట్టి.

కొండ మాట వచ్చింది గనుక ఒకటి. తిరుమల మీద ఉండగా 100 దాకా నింపొద్దు. మొదటి ఘాట్ రోడ్డులో దిగేటప్పుడు రీజెన్, అంటే వేగం తగ్గిస్తూ మోటారు తిరిగి పంపే కరెంటు, తీసుకోవడానికి బ్యాటరీలో చోటుండాలి. నిండిపోతే రీజెన్ పనిచేయదు, పూర్తిగా బ్రేకుల మీదే దిగాలి. నలుగురితో కారు ఎక్కడానికి ఎత్తు కోసమే మూడు యూనిట్ల పైన ఖర్చవుతుంది. దిగేటప్పుడు అందులో మంచి భాగం తిరిగి వస్తుంది.

పద్మావతిపురం_ఫ్లాట్
డీసీ సంగతి సరే. మా అపార్ట్‌మెంట్‌లో నాలుగు ఏసీ చార్జర్లు పెడదామంటున్నారు. కామన్ మీటర్‌లోంచి 32 ఆంపియర్లే ఇస్తారట, నాలుగూ పంచుకుంటాయట. అక్కడ కూడా ఈ బిందెల గొడవ ఉంటుందా?

అలిపిరి_ఆంపియర్
ఉండదు. ఏసీలో పంపకం నున్నగా జరుగుతుంది. చార్జర్ ఒక సన్న తీగ మీద సిగ్నల్ పంపి "నువ్వు ఇన్ని ఆంపియర్లే తీసుకో" అని చెప్తుంది, కారులో ఉన్న చార్జర్ ఆ మేరకే లాగుతుంది. నాలుగు కార్లకు తలా 8 ఆంపియర్లు, సింగిల్ ఫేజ్ 230 వోల్టుల మీద 1.84 కిలోవాట్లు. రాత్రి పది నుంచి ఆరు దాకా 14 యూనిట్ల పైన. టియాగో సైజు బ్యాటరీకి సగం పైన నిండుతుంది.

ఒకటే హద్దు: 6 ఆంపియర్లకంటే తక్కువ చెప్పే వీలు ఆ సిగ్నల్‌కి లేదు. రేపు ఆరు కార్లయితే తలా 5.3 వస్తుంది, అది కుదరదు. అప్పుడు అయిదు కార్లు నడిచి ఒకటి ఆగాలి, వంతులవారీగా. మీరు కొనేది వంతులు తిప్పగలదో లేదో ఇప్పుడే అడగండి.

పద్మావతిపురం_ఫ్లాట్
పక్కన మోటారు, లిఫ్టు కూడా అదే మీటర్ మీద ఉన్నాయి.

అలిపిరి_ఆంపియర్
అయితే 32 అని గుడ్డిగా పెట్టొద్దు. మెయిన్ కేబుల్ మీద కరెంటు కొలిచే సీటీ బిగించి, మొత్తం లోడ్ చూసి చార్జర్లను తగ్గించే రకం తీసుకోండి. మోటారు ఆన్ అయినప్పుడు కార్లు తగ్గుతాయి, ఆగినప్పుడు పెరుగుతాయి. పొద్దున ఆరింటికి ట్యాంకు మోటారు వేసేటప్పుడే మెయిన్ బ్రేకర్ పడే గొడవ ఉండదు.

లైన్‌మన్_కొడుకు
నా మాట పక్కన పెట్టేసినారు గానీ వోల్టేజి మాట ఉత్తది కాదు. పాకాల, పూతలపట్టు పక్క పగటి పూట వ్యవసాయ మోటార్లు నడిచే టైములో 415 రావాల్సింది 370 వస్తాది. ఆ వోల్టేజి మీద మిషన్ నిండుగా ఎట్లిస్తాది?

మాడ్యూల్_మాస్టారు
ఇస్తుంది, అదే సమస్య. మాడ్యూల్ లోపల ఎలక్ట్రానిక్స్ ఎంత తక్కువ వోల్టేజి వస్తే అంత ఎక్కువ కరెంటు లాగి 60 బయటికి తెస్తాయి. లోపల నష్టం పోను 60 ఇవ్వాలంటే సుమారు 63 లాగాలి. 415 మీద ఫేజుకి 88 ఆంపియర్లు. 370 మీద 98. మిషన్ ముందు 100 ఆంప్ బ్రేకర్ పెట్టారనుకోండి, ఎండలో అది ముందే వేడెక్కి ఉంటుంది, కాసేపటికి పడిపోతుంది. అంటే వోల్టేజి తగ్గితే స్పీడు తగ్గడం కంటే మిషన్ మొత్తం ఆరిపోవడం ఎక్కువ. మరీ దిగజారితేనే మాడ్యూల్ తనంతట తాను తగ్గించుకుంటుంది, తర్వాత ఆగిపోతుంది.

లైన్‌మన్_కొడుకు
సరే, ట్రిప్ అయ్యేది ఒప్పుకుంటా. ఆ లెక్కన బ్రేకర్ 125ది పెట్టాల.

మూడు_ఫేజులు
బ్రేకర్ పెద్దది పెడితే కేబుల్ కూడా దానికి తగ్గది ఉండాలి. లేకపోతే బ్రేకర్ నిలబడుతుంది, కేబుల్ కాలుతుంది.

స్టేషన్ నడిపేవాళ్ళ వైపు నుంచి ఒక మాట. ఇక్కడ అందరూ ఒక మిషన్‌లో రెండు గన్‌ల పంపకం గురించే మాట్లాడుతున్నారు. దానికి పైన ఇంకో పంపకం ఉంటుంది, సైటు మొత్తానికి. రెండు 60 మిషన్లు, వెనక 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఉందనుకోండి. రెండూ నిండుగా లాగితే 126 కిలోవాట్లు, ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకోదు. 63 కేవీఏ అయితే ఒక్క మిషన్‌కే ఫుల్లు. అందుకని సర్వర్ నుంచి ఓసీపీపీ (సర్వర్, మిషన్లు మాట్లాడుకునే భాష) మీద ప్రతి మిషన్‌కీ హద్దు పంపిస్తారు: సైటు మొత్తం 85 దాటకూడదు అని. మీ మిషన్‌లో మీరొక్కరే ఉన్నా పక్క మిషన్‌లో ఇద్దరుంటే మీకు తగ్గుతుంది. నెట్ పోతే ముందే పెట్టిన తక్కువ హద్దుకి దిగేలా కొన్ని చోట్ల సెట్ చేస్తారు. సిమ్ సిగ్నల్ పోయినా మీ స్పీడు పడిపోవడానికి కారణం అదే.

సాంక్షన్డ్ లోడ్ దాటితే డిస్కం ఊరుకోదు. 160 కేవీఏ పెట్టొచ్చుగా అని సులువుగా అనేస్తారు. అది పెట్టే ఖర్చు యూనిట్ ధరలో మీ మీదికే వస్తుంది.

పలమనేరు_మీదుగా
మరి బోర్డు మీద "2 × 60 కిలోవాట్" అని ఎందుకు రాయడం? "రెండూ కలిపి 85" అని రాయండి. వచ్చేవాడు లెక్క వేసుకుని వస్తాడు.

మూడు_ఫేజులు
రాయాలి. ఒప్పుకుంటున్నా. యాప్‌లో ఆ గడి కూడా లేదు, మిషన్ సైజు ఒక్కటే అడుగుతుంది.

చిత్తూరు_చిన్నోడు
ఎండాకాలం సంగతి ఎవురూ జెప్పలా. మధ్యాన్నం 42 డిగ్రీలు, పైన రేకు షెడ్డు. పక్కన కారు గుడక లేదు, 50తో మొదలై ఇరవై నిమిషాలకు 38కి వస్తా ఉండాది. దానికేం జెప్తారు?

మాడ్యూల్_మాస్టారు
అది వేడి. గుర్తు పట్టడం తేలిక. పంచుకోవడం వల్ల పడితే ఒక్క దెబ్బకు సగం పడుతుంది. వేడికి మెట్లు మెట్లుగా దిగుతుంది: 150, 142, 131, 118. మాడ్యూల్ లోపలికి వెళ్ళే గాలి సుమారు 50 డిగ్రీలు దాటితే అది తగ్గించుకోవడం మొదలుపెడుతుంది. బయట 42 అంటే రేకు కింద మిషన్ నోటి దగ్గర 50 దాటడం ఎంతసేపు.

మిషన్ తలుపుకి ఉండే జాలీ ఫిల్టర్ తీసి చూడమనండి. రోడ్డు పక్కన నెల రోజులకే బూజు పట్టిన పరుపులా తయారవుతుంది. నీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి పెట్టాలి. తడిది పెడితే లోపల తేమ చేరి ఇన్సులేషన్ తప్పు చూపిస్తుంది. ఇంకో పొరపాటు, రెండు మిషన్లను వీపు వీపు ఆనించి పెట్టడం. ఒకదాని వేడి గాలి ఇంకోదాని నోట్లోకి పోతుంది.

ట్యాక్సీ_తమ్ముడు
గన్ పిడి మీద తడి గుడ్డ చుడితే స్పీడు పెరుగుతుందని ఒక వీడియోలో చూపించారు.

మాడ్యూల్_మాస్టారు
చేయొద్దు. గన్‌లో పిన్నుల దగ్గర వేడి కొలిచే సెన్సర్లుంటాయి, 90 డిగ్రీలకు చేరకముందే కరెంటు తగ్గించడానికి. పైన చల్లబరిచి సెన్సర్‌ని మోసం చేస్తే పిన్ను లోపల కాలుతూనే ఉంటుంది. కాలేది మీ కారు సాకెట్. పిన్నుల మీద నల్లటి మచ్చలు కనిపిస్తే ఆ గన్ వాడకుండా పక్కది వాడండి.

అలిపిరి_ఆంపియర్
ఇందులో తమాషా ఒకటుంది. 2024 సెప్టెంబరు కేంద్ర మార్గదర్శకాల ప్రకారం చార్జింగ్ స్టేషన్‌కి పొద్దున 9 నుంచి సాయంత్రం 4 దాకా సోలార్ టైములో కరెంటు చవగ్గా ఇవ్వాలి, డిస్కం సగటు సరఫరా ఖర్చులో 70 శాతానికి. మిగతా టైములో 130 శాతం. చవగ్గా దొరికే టైములోనే మిషన్లు ఉడికిపోతాయి. షెడ్డుకి రేకు కాకుండా వేడి తగ్గించే కప్పు వేసినోడికి లాభం.

కాణిపాకం_కారు
పంపకం సమానంగా ఎందుకు ఉండాలి అసలు? ముందొచ్చిన వాడికి మొత్తం ఇచ్చేసి, అతను అయిపోయాక రెండోవాడికి ఇవ్వొచ్చుగా. రేణిగుంట_రోడ్డు లెక్కే తీసుకుందాం. 20 నుంచి 80కి 27 యూనిట్లు. ఇద్దరూ ఒకే టైముకి వచ్చారు. సమానంగా పంచితే ఇద్దరికీ 64 నిమిషాలు. ముందొచ్చిన వాడికి మొత్తం ఇస్తే అతను 32 నిమిషాల్లో పోతాడు, రెండోవాడు 64కి పోతాడు. రెండోవాడికి పైసా నష్టం లేదు, మొదటివాడికి అర గంట లాభం.

పలమనేరు_మీదుగా
లెక్క బాగుంది. నేనూ ఇటే.

ట్యాక్సీ_తమ్ముడు
నేను ఒప్పుకోను. నాకు చంద్రగిరి దాకా పోవడానికి 5 యూనిట్లు చాలు. సమానంగా పంచితే 12 నిమిషాల్లో పోతా. నీ లెక్కలో ముందున్నవాడు 100 దాకా పెట్టుకుని కూర్చుంటే నేను గంటకి పైగా సున్నా చూస్తూ కూర్చోవాలి.

చిత్తూరు_చిన్నోడు
నిజమే. పెద్ద బ్యాటరీ వచ్చినాదంటే అయిపాయ. 79 యూనిట్ల బీఈ 6 పది శాతంతో వస్తే 70 యూనిట్లు కావాల. 60 మిషన్ మీద అది ఒక్కటే గంటంబావు తాగతాది. వాడి వెనక నిలబడినోడు పులిహోర తిని, నిద్దరపోయి లేయాల.

మాడ్యూల్_మాస్టారు
సున్నా పెట్టి ఆపడంలో ఇంకో ఇబ్బంది ఉంది. గన్ తగిలించాక మాటలన్నీ అయి, కరెంటు రాకపోతే కొన్ని కార్లు తప్పు జరిగిందనుకుని సెషన్ తెంపేస్తాయి. తర్వాత అతని వంతు వచ్చినా చార్జింగ్ మొదలు కాదు, అతను ఎక్కడో టీ తాగుతుంటాడు. బిందె ఒకటైనా అతని దగ్గర ఉంచాలి. నా ఓటు దీనికి: ఇద్దరికీ తలా ఒకటి ఇచ్చి, ఎవడు సగం కంటే తక్కువ తాగుతున్నాడో వాడికి చిన్న బిందె ఇచ్చి పెద్దది మార్చడం. దానికి చిన్న మాడ్యూళ్ళున్న మిషన్ కావాలి.

కాణిపాకం_కారు
కావాలి కావాలి అంటే అవుతుందా. ఉన్న మిషన్‌తో మాట్లాడుతున్నాం.

అలిపిరి_ఆంపియర్
ఉన్న మిషన్‌తో అయితే 80 దగ్గర లేవడమే. అంతకంటే ఏ సాఫ్ట్‌వేరూ చేయలేదు.

కామెట్_కుమార్
డీసీ మిషన్‌కే పక్కన ఏసీ గన్ కూడా వేలాడుతుంటుంది కదా. నా ఎంజీ కామెట్ కారుకి డీసీ సాకెట్ లేదు, ఏసీ వాడితే డీసీ వాళ్ళకు తగ్గుతుందా? మొన్న ఒకాయన మొహం అదోలా పెట్టాడు.

మాడ్యూల్_మాస్టారు
మాడ్యూళ్ళ నుంచి ఏమీ తీసుకోదు. ఏసీ గన్‌కి లైన్ కరెంటు నేరుగా వెళ్తుంది. సైటు హద్దు బిగువుగా ఉన్న చోట మాత్రం మీ 7 కిలోవాట్లు ఆ మొత్తంలోంచి పోతాయి. ఆయన మొహానికి ఎలక్ట్రికల్ కారణం లేదు.

మూడు_ఫేజులు
రేణిగుంట_రోడ్డు, ఆ మిషన్ నడిపే వాళ్ళకు "స్లో" అని రాయకండి, ఎవరూ పట్టించుకోరు. ఇలా రాయండి: "'ఏ' గన్, ఒంటరిగా 150 ఆంపియర్లు. బీ గన్ సెషన్ ముగిశాక పది నిమిషాలకు కూడా 75 దగ్గరే ఉంది. పవర్ షేరింగ్ స్టాటిక్‌లో ఉందా, డైనమిక్‌లో ఉందా చూడండి." స్టాటిక్ అంటే ఒకసారి తగ్గిస్తే మళ్ళీ పెంచనిది, డైనమిక్ అంటే పక్క కారు పోతే తిరిగి పెంచేది. ఆ మాట చదివితే టెక్నీషియన్‌కి పోతుంది. చాలా వాటిలో సర్వీస్ మెనూలో అది ఒక ఆప్షన్. బిగించిన రోజు డిఫాల్ట్‌గా ఏది ఉంటే అదే ఏళ్ళ తరబడి నడుస్తుంది.

ఒంటరిగా ఉన్నా ఎప్పుడూ 75 దాటకపోతే అది వేరే కేసు, ఒక మాడ్యూల్ చచ్చిపోయి ఉంటుంది. తలుపు తీస్తే దాని ముందు ఎర్ర లైటు కనిపిస్తుంది.

రేణిగుంట_రోడ్డు
అలాగే రాశా. చూద్దాం.

లైన్‌మన్_కొడుకు
రాసినాక స్క్రీన్ ఫొటో కూడా పెట్టినావా?

రేణిగుంట_రోడ్డు
మూడూ పెట్టా.

రేణిగుంట_రోడ్డు
నాలుగో రోజు అప్‌డేట్. మొదట ఆపి మళ్ళీ పెట్టి చూశా, పక్క కారు పోయాక: 339 వోల్టులు, 150, 50.8. మాస్టారు చెప్పినట్టే. నిన్న టెక్నీషియన్ వచ్చి సర్వీస్ మెనూలో డైనమిక్‌కి మార్చాడు. మధ్య కాంటాక్టర్ బాగానే ఉంది, చార్జింగ్ నడుమ తిరిగి కలపడానికి వాడకుండా పెట్టారు. ఈరోజు పక్క కారు గన్ తీశాక టైము చూశా. 40 సెకన్ల తర్వాత కరెంటు 75 నుంచి 60కి ఒకసారి దిగి, అక్కడి నుంచి పాకుతూ 150కి పోయింది.

మాడ్యూల్_మాస్టారు
ఆ 60కి దిగడం సరైనదే. కాంటాక్టర్ మూసే ముందు కరెంటు తగ్గించుకుంటోంది. నేరుగా 75 నుంచి 150కి ఎగిరి ఉంటే నేను భయపడేవాణ్ణి.

పలమనేరు_మీదుగా
95 శాతం వాడు పక్కనుంటే?

రేణిగుంట_రోడ్డు
అప్పుడు 75 మీదే ఉంది. బిందెల లెక్క మారలేదు.

ట్యాక్సీ_తమ్ముడు
పెట్టె మీద 60 అన్న స్టిక్కర్?

రేణిగుంట_రోడ్డు
అలాగే ఉంది.